బఠాణీ గింజలు, చెల్లెలి కట్నము

గత కార్తీకమున మే మెరిగిన యొక యింటికి పేరంటమునకు పోయితిమి. ఆ యింటి కోడలికి నాలుగేండ్ల బిడ్డ గలదు. పుట్టిన యారవ నెలనుండియు ఆ బిడ్డకు రక్తము చాలదు. మూడు వారముల కొకమారు పట్టణమునకు తీసికొనిపోయి పరుల రక్తము నెక్కించిననే గాని ప్రాణము నిలువదు. థలసీమియా యని వైద్యులు పేరు చెప్పిరి. మేము తాంబూలము పుచ్చుకొనుచుండగా అత్తగారు నలుగురు వినునట్లు, "మా వంశమున నిట్టి రోగ మెన్నడును లేదమ్మా. ఇది దాని పుట్టింటినుండి తెచ్చినది" అనిరి. కోడలు పసుపుగిన్నె పట్టుకొని తల వంచుకొని నిలిచియుండెను.

ఆ కోడలు పరాయిది కాదు. ఆ యత్తగారి యాడుబిడ్డ కూతురే. అనగా కోడలి తల్లికి పుట్టిల్లు ఆ యిల్లే. ఈ మాట అచ్చట నెవ్వరును అనలేదు. మాకును నోటిదాక వచ్చి నిలిచిపోయినది.

ఇంటికి వచ్చి మా వారితో చెప్పితిమి. వారు పాఠశాలలో ప్రకృతిశాస్త్రము చెప్పుదురు. ఏమియు బదులాడక బీరువానుండి గ్రెగర్ మెండెల్ చరిత్ర దీసి మా చేతి కిచ్చిరి. శాస్త్రజ్ఞుని చరిత్రము మనకేల యని విసుగుతోనే విప్పితిమి. విప్పగానే అందొక చెల్లెలు కనబడెను. ఇక విడువలేకపోతిమి.

మెండెల్ 1822 జూలైలో, ఆ కాలమున ఆస్ట్రియా సామ్రాజ్యములో చేరియుండిన హైంజెన్‌డార్ఫ్ అను చిన్న పల్లెలో పుట్టెను. ఇప్పు డా పల్లె చెక్ దేశమున నున్నది. తలిదండ్రు లిడిన పేరు యోహాన్. తండ్రి వ్యవసాయకుడు, తన పొలము దున్నుకొనుటయే గాక వారమునకు మూడు దినములు జమీందారునకు వెట్టి చేయవలసినవాడు. 1838లో ఒక మ్రాను దొరలి తండ్రి రొమ్ము నలిగెను. అటు పిమ్మట నాయన మునుపటి మనిషి కాలేదు. పొలము పెద్దకూతురు వెరోనికా భర్తకు అప్పగింపవలసి వచ్చెను. చదువుకొను కుర్రవానికి ఇంటినుండి వచ్చు ఆధారము పోయెను. పిల్లలకు ట్యూషను చెప్పి పొట్ట పోసికొనుచు, చాలీచాలని తిండితో పలుమారులు జబ్బుపడి, చదువు మానుకొని యింటికి చేరుచుండెను.

అట్టి సమయమున చిన్నచెల్లెలు తెరేసియా, తన వివాహమునకై యేర్పరచిన కట్నపు సొమ్ములో కొంతభాగము అన్నగారి చదువునకు విడిచిపెట్టెను. అప్పటి కామెకు నిండా పదునాలుగేండ్లయినను లేవు. ఆ దేశమునను ఆ దినములలో కట్నము తగ్గిన పిల్లకు సంబంధము తగ్గుననుట మనకు చెప్పనక్కరలేదు. ఓలొమౌట్స్ నగరమున అన్న చదువు ఆ సొమ్ముతో సాగెను. మనుమలు చదువు పుస్తకములలో ఈమెను గూర్చి రెండు పంక్తులకు మించి యుండదు. అందుచే మే మిక్కడ నాలుగు వ్రాసినాము.

1843లో యోహాన్ బ్ర్నో నగరమున అగస్టీను సంప్రదాయమువారి సెయింట్ థామస్ మఠమున చేరి, సన్న్యాసనామముగా గ్రెగర్ అనిపించుకొనెను. ఆ మఠమువారు ఒకరినొకరు సోదరు లనుకొందురు. భక్తి యొకటే కారణము కాదు. ఇక కూటికి వెదుకుకొన నక్కరలేని చోటు కావలెనని చేరితినని ఆయనయే తరువాత దాచక వ్రాసికొనెను. ఆ నిజాయితీ మాకు నచ్చినది. ఆ మఠము జపమాలకే పరిమితమైనది కాదు. అధిపతి సిరిల్ నాప్ గారు విద్యాప్రియులు. గ్రంథాలయము, తోట, పాఠశాలలలో బోధించు సోదరులు అందు గలరు.

పురోహితుడైన పిమ్మట మెండెల్‌ను రోగుల యొద్దకు పంపిరి. రోగుల బాధ చూడజాలక ఆయన తానే మంచమెక్కెను. నాప్ గారు అది గ్రహించి, 1849లో జ్నోయ్‌మో అను ఊరి పాఠశాలకు తాత్కాలికోపాధ్యాయునిగా పంపిరి. బోధనము ఆయనకు చేపకు నీరు వంటిదయ్యెను. కాని స్థిరమైన యుద్యోగమునకు పరీక్ష కావలెను. 1850లో పరీక్షకు పోయి తప్పెను. తప్పినది ఏ విషయమున ననగా, ప్రకృతిశాస్త్రమున! మఠమువారు వియన్నా విశ్వవిద్యాలయమునకు పంపగా రెండేండ్లు చదివెను. డాప్లర్ గారి యొద్ద భౌతికశాస్త్రమును, ఇతరుల యొద్ద గణితమును వృక్షశాస్త్రమును నేర్చెను. 1856లో మరల పరీక్షకు పోయి, జబ్బుపడి ముగింపకయే తిరిగివచ్చెను. మూడవమారు పోలేదు. 1854 మొదలు పదునాలుగేండ్లు బ్ర్నోలోని పాఠశాలలో భౌతికశాస్త్రము, ప్రకృతిశాస్త్రము చెప్పినను కడవరకు ఆయన తాత్కాలికోపాధ్యాయుడే. ఈ భాగము చదువుచుండగా మా వారు ప్రక్కన నిట్టూర్చిరి. పంతుళ్ల యిండ్లవారికి పరీక్షల సంగతి వేరుగా వర్ణింప బనిలేదు.

ఆ తప్పిన యేడే, 1856లోనే, మఠపు తోటలో బఠాణీల పని యారంభమయ్యెను. అంతకు ముందు రెండేండ్లు ముప్పదినాలుగు రకముల విత్తనములు తెప్పించి, ఏది తన జాతి తప్పక పండునో పరీక్షించియుండెను. బఠాణీపువ్వు మూసికొనియుండి తన పుప్పొడితో తానే ఫలించును. మెండెల్ మొగ్గను ముందుగనే విప్పి, చిన్న పట్టుకారుతో కేసరములను ద్రుంచి, మరియొక మొక్క పుప్పొడి నద్ది, పురుగులు రాకుండ సంచి కట్టెడివాడు. ఒకటి కాదు, రెండు కాదు. ఎనిమిదేండ్లలో సుమారు ఇరువదియెనిమిదివేల మొక్కలు. ఆవకాయకు ముక్కలు తుడుచుటయే ఓర్పునకు మేర యని మనమనుకొందుము.

గుండ్రని గింజల మొక్కకును ముడుతగింజల మొక్కకును సంకరము చేయగా వచ్చిన గింజలన్నియు గుండ్రముగనే యుండెను. ముడుత పూర్తిగ పోయినదనిపించును. ఆ గింజలను మరల నాటి, వానిని తమంతట ఫలింపనిచ్చి, పంట నొలిచి లెక్కించెను: 7324 గింజలలో 5474 గుండ్రనివి, 1850 ముడుతవి. పోయినదనుకొన్న ముడుత తిరిగివచ్చినది. అదియు నాలుగింట నొక్క వంతు లెక్కకు ఇంచుమించుగా వచ్చినది. గింజల రంగునందు, పువ్వుల రంగునందు, మొక్క యెత్తునందు, ఇట్లేడు లక్షణములలో నదే లెక్క.

దీనినుండి ఆయన తేల్చిన దిది. ప్రతి లక్షణమునకు రెండు బీజాంశము లుండును. తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి. రెండింటిలో నొకటి గుండ్రనిదైన చాలును, గింజ గుండ్రముగ నుండును. ముడుతయంశము లోన దాగియుండును. రెండును ముడుతవే యైననే ముడుత బయటపడును. ఈ ముడుత కసలు కారణ మేమో 1990లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు కనిపెట్టిరి. ముడుతగింజలో పిండిపదార్థమును తయారుచేయు సాధన మొకటి చెడియుండును. అందుచే చక్కెర మిగిలి గింజ తీపెక్కును, నీరు హెచ్చుగ పీల్చును, ఎండినపుడు ముడుతపడును. చలికాలమున మనము పులావులో వేయు తియ్యని పచ్చిబఠాణీలను ఎండనిచ్చి చూడుడు. అవి సామాన్యముగ ముడుతలు పడును. అంగడిలోని యెండుబఠాణీలు గుండ్రముగ నుండును.

1865 ఫిబ్రవరి 8వ తేదీని, మార్చి 8వ తేదీని మెండెల్ ఈ సంగతులను బ్ర్నోలోని ప్రకృతిశాస్త్ర సంఘమువారికి చదివి వినిపించెను. 1866లో అచ్చయ్యెను. ఎవ్వరును పట్టించుకొనలేదు. నేగెలి యను జర్మను పండితునకు వ్రాయగా, ఆయన మరియొక మొక్కను పట్టుకొమ్మనెను. ఆ మొక్కయో పుప్పొడి లేకయే విత్తనము కట్టునది. మెండెల్ ఏండ్ల తరబడి శ్రమించి కన్నులు చెడగొట్టుకొనెను. 1868లో మఠాధిపతి యయ్యెను. తరువాత మఠములపై వేసిన పన్నును గూర్చి ప్రభుత్వముతో తగవాడుటతో కాలము గడచెను. 1884 జనవరి 6వ తేదీని చనిపోయెను. 1900లో మువ్వురు శాస్త్రజ్ఞులు వేరువేరుగా నదే మార్గమున నడచి, తమకంటె ముందు ఆయన నడచిన యడుగులను గుర్తించిరి.

చెల్లెలి ఋణమును మాత్ర మాయన బ్రతికియుండగనే తీర్చెను. తెరేసియా కుమారులు మువ్వురిని బ్ర్నోలో చదివించెను. వారిలో నిద్దరు వైద్యులైరి.

వైద్యమునకు మెండెల్ బఠాణీలు ఎంత దగ్గరివో 1902లో బయటపడెను. ఇంగ్లండులో గారడ్ అను వైద్యుడు, మూత్రము గాలి తగిలిన నల్లబడు నొక యరుదైన వ్యాధిని చూచుచుండెను. ఆ బిడ్డల తలిదండ్రులు తామారోగ్యవంతులే. కాని పలువురు దాయాదుల, మేనత్త మేనమామల బిడ్డలు. ఇది మెండెల్ చెప్పిన దాగియుండు అంశమే యని గుర్తించిరి. థలసీమియాయు నట్టిదే. రక్తమునకు వలయు పదార్థమును చేయు అంశములు రెండింటిలో నొకటి చెడినను, రెండవది పని నడుపును. అట్టివారు తమలో లోపమున్నదని యెరుగకయే జీవింతురు. ఇద్దరట్టివారు దంపతులైనపుడు, ప్రతి కాన్పునను నాలుగింట నొకవంతు బిడ్డకు చెడినవే రెండును చేరవచ్చును. మన యేజెన్సీ ప్రాంతములలోని కొడవలికణ వ్యాధియు ఇట్లే వచ్చును. దానికై 2023లో కేంద్రప్రభుత్వము రక్తపరీక్షల కార్యక్రమము నారంభించినది.

మేనరికమును గూర్చి ఒక మాట జాగ్రత్తగా చెప్పవలెను, ఏలయన మేమును మేనరికపు కోడలిమే. మేనరికము రోగమును పుట్టింపదు. తాతలలో నొకరికి దాగియున్న యంశము, కొడుకు సంతతికిని కూతురు సంతతికిని దిగి, మనుమడును మనుమరాలును దంపతులైనపుడు తిరిగి కలిసికొనుటకు దారి హెచ్చును. అక్కకూతురిని చేసికొన్నచో నింకను హెచ్చు. మేనరికపు బిడ్డలలో హెచ్చుమంది యారోగ్యవంతులే. అయినను పుట్టుకతో లోపము వచ్చు సంభవము, పరాయి సంబంధమున నూటికి రెండు మూడనుకొన్నచో, ఇచ్చట ఇంచుమించు రెట్టింపు. నిశ్చయమునకు ముందే యిరువురకు రక్తపరీక్ష చేయించిన, థలసీమియా వంటివి తెలిసిపోవును.

మాఘమున మరల ఆ యింటికి పోయితిమి. పట్టణపు వైద్యుడు దంపతు లిరువురి రక్తమును పరీక్షించియుండెను. ఇద్దరియందును ఆ యంశమున్నది. ఆ కాగితము పూజగదిలో గూటిలో పెట్టియున్నది. కోడలికి మరల మూడవ నెల. పెరటిలో నొంటరిగ నున్నపుడు మమ్మడిగెను: "నాలుగింట నొకటియన్నారు గదా పిన్నిగారూ, అది పెద్దదానికి వచ్చినది గనుక, ఇక ముగ్గురికి రాదు గదా?"

ఎంత ఆశతో నడిగెను! అవునని చెప్పుటకు మనసూరినది. కాని కాదు. వైకుంఠపాళిలో గవ్వలు వేసినపుడు, క్రిందటి పందెమున ఏమి పడినదో గవ్వలకు జ్ఞాపక ముండదు. ప్రతి కాన్పును క్రొత్త పందెమే. అయితే ఇప్పుడు గవ్వలు మూసి యుంచ నక్కరలేదు; గర్భము పదునొకండు పండ్రెండు వారముల నాటికే బిడ్డ సంగతి పరీక్షించి చెప్పగలరు. ఈ మాటయే చెప్పితిమి. ఆమె కన్నులు తుడుచుకొని, సోమవారము ఆయన సెలవు పెట్టెదరనెను.

మేము వెడలునపుడు అత్తగారు గుమ్మమువరకు వచ్చిరి. బొట్టు పెట్టి, వెంటనే లోపలికి పోక నిలిచిరి. వారి చిన్నకుమార్తెకు సంబంధములు చూచుచున్నారు. పెద్దమేనత్త కొడుకు మాటయు నున్నది.

"ఆ రక్తపరీక్ష మా చిన్నదానికిని చేయింపవలెనా?" అని అడిగిరి.