కీళ్ళవాతము, గుండె, వంశపారంపర్యము

జిల్లాల బస్సులు హైదరాబాదు పాతబస్తీ అంచున మూసీ నది చెంతనున్న ఇమ్లీబన్ స్టేషనులో ఆగును. అక్కడ దిగి, వంకరపోయిన వ్రేళ్ళతో చీటీ పట్టుకొని అఫ్జల్‌గంజ్ లోని ఉస్మానియా ఆసుపత్రికి నడచు పల్లె స్త్రీలు ఎందరో కలరు. కొందరు చార్మినారు ప్రక్కనున్న నిజామియా యునానీ వైద్యశాలకు పోవుదురు. తల్లికి ఉండెను గనుక తమకును తప్పదని వీరిలో పలువురు తలపోయుచుందురు. ఈ తలపులో సగమే నిజము. ఆ వ్యాధి గుండెను గూడ తాకునన్న సంగతి మాత్రము చాలమందికి తెలియదు.

మేము చెప్పుచున్నది వయసుతో మోకాళ్ళు అరుగుట గురించి కాదు. శరీరమును కాపాడవలసిన రోగనిరోధకశక్తియే దారి తప్పి స్వంత కీళ్ళపై దాడి చేయు రుమటాయిడ్ కీళ్ళవాతమును గురించి. మన దేశమున వేయిమందిలో ఇంచుమించు ఐదుగురు మొదలు ఏడుగురికి ఇది యుండును. పురుషులకంటె స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ. రెండు చేతుల చిన్న కీళ్ళు వాచి, ఉదయము లేవగానే చాలసేపు బిగిసియుండి, ఆరు వారములైనను తగ్గనిచో అనుమానింపవలెను. పిల్లలకు గొంతునొప్పి తరువాత వచ్చి గుండె కవాటములను చెరచు రుమాటిక్ జ్వరము వేరు. పేర్లు దగ్గరగా నుండుటచే రెంటిని కలిపి మాటలాడుట పరిపాటియైనది.

కీళ్ళలోని వాపు అక్కడనే నిలువదు. దానిని పెంచు పదార్థములు రక్తములో కలసి రక్తనాళముల లోపలి పొరను చెరచును. అచ్చట క్రొవ్వు పేరుకొని దారి ఇరుకగును. అందుచే ఈ రోగులకు గుండెజబ్బు ప్రమాదము ఇతరులకంటె సుమారు ఒకటిన్నర రెట్లు. ఇందులో ఒక మోసము గూడ కలదు: వ్యాధి తీవ్రముగా నున్నపుడు రక్తములోని కొలెస్టరాలు తగ్గి కనబడును. ఆ అంకెను చూచి నిశ్చింతగా నుండరాదు. పైగా వీరికి గుండెపోటు ఛాతినొప్పి లేకయే రావచ్చును.

ఇక వంశపు సంగతి. ఒకే పోలిక గల కవలలలో ఒకరికి ఈ వ్యాధి యున్నచో రెండవవారికి వచ్చుట నూటికి సుమారు 15 సందర్భములలోనే. జన్యువులన్నియు ఒకటే యైనను తక్కినవారు తప్పించుకొనుచున్నారు! జన్యువులలో ముఖ్యమైనది హెచ్.ఎల్.ఏ.-డి.ఆర్.బి.1. దీనిలోని కొన్ని రూపములు వ్యాధిని రప్పించుటయే గాక, అట్టి రోగులలో గుండెజబ్బు మరణములకు గూడ తోడగుచున్నవని స్పెయిను, ఇంగ్లండు పరిశోధనలు చూపినవి. ఆ జన్యురూపమునకు పొగాకు తోడైనచో ప్రమాదము మరింత హెచ్చును. పొగ పురుషుల వ్యసనమే యనుకొనరాదు. ఉత్తరాంధ్రలో నిప్పున్న కొనను నోటిలో నుంచుకొని చుట్ట త్రాగు స్త్రీలు కలరు.

హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు, ఇతరులు కలసి 2009లో ప్రకటించిన విషయము వేరు రకము. గుండె కండరమునకు చెందిన ఒక జన్యువులో 25 అక్షరములు లోపించుట మన ఉపఖండములో నూటికి సుమారు నలుగురిలో కలదనియు, అది గుండెను బలహీనపరచుననియు వారు కనుగొనిరి. అది గుండెనే నేరుగా తాకు లోపము. కీళ్ళవాతపు జన్యువు చేయు కీడు చాలవరకు వాపు ద్వారా వచ్చును. వాపును మందులతో అణచవచ్చును.

కనుక పంచాయతీ సభ్యులు తమ వార్డులో వ్రేళ్ళు వాచినవారిని ఆలస్యము చేయక పెద్ద ఆసుపత్రికి పంపవలెను. పంజాగుట్టలోని నిమ్స్‌లో ఈ వ్యాధికి ప్రత్యేక విభాగము కలదు. రక్తపోటు, చక్కెర, కొలెస్టరాలు పరీక్షలను గూడ అడిగి చేయించుకొమ్మని చెప్పుడు. దుకాణములో కొన్న నొప్పిబిళ్ళలను, స్టెరాయిడు మాత్రలను నెలల తరబడి మ్రింగుట నొప్పిని దాచునే గాని కీళ్ళను కాపాడదు. గుండెకు అదనపు భారము. వ్యాధిని అణచుటకు సాధారణముగా నిచ్చు మెథోట్రెక్సేట్ అట్టిది కాదు. దానిని వాడినవారిలో గుండెపోట్లు గూడ తక్కువగా కనబడినవి. అయితే అది వారమునకు ఒక్క దినము మాత్రమే వేసికొనవలసిన మందు. చదువురాని రోగి ప్రతిదినము మ్రింగినచో ప్రాణాపాయము. కావున ఆ వారమును, ఆ దినమును ఇంటివారిచేత గోడపై వ్రాయించుడు.