అరటిని నిలువచేయు మార్గములు

అరటిచెట్టు ఒక్కమాఱే గెల వేయును. ఆ గెల ముదిరినపిదప రైతునకు వేచియుండుటకు వ్యవధి లేదు. ధాన్యము గాదెలో నిలుచును, పసుపు గోనెలో నిలుచును. అరటిగెల మాత్రము కొలదిదినములలో అమ్ముడుపోవలెను, లేదా మ్రగ్గి చెడవలెను. రావులపాలెమువంటి సంతకు ఒక్కదినముననే అధికముగా గెలలు చేరినయెడల ధర నిర్ణయించువాడు కొనువాడేగాని పండించినవాడు కాడు. తుపానుగాలి వీచెనా, చెట్లు గెలలతోగూడ నేలకొఱగును. 1996 నవంబరు తుపానులో కోనసీమ రైతులీ కష్టమును కన్నులార చూచిరి. కావున అరటిని నిలువయుండు సరకుగా మార్చు పద్ధతులు మన సభ్యులు తెలిసికొనవలసియున్నది.

వానిలో మొదటిది పిండి. దీనికి పండు పనికిరాదు. ముదిరిన పచ్చికాయయే కావలెను. పచ్చికాయలో పిండిపదార్థము మెండు. పండినకొలది అది చక్కెరగా మాఱును, అట్టి ముక్క యెండక జిగటకట్టును. లేతకాయ పిండి వగరుగా నుండును. కూర కుపయోగించు బొంతరకము దీని కనుకూలము. కాయలను కడిగి, తొక్కతీసి, పలుచని బిళ్లలుగా తరిగి, వెంటనే నిమ్మరసముగాని నిమ్మఉప్పుగాని కలిపిన నీట వేయవలెను. లేనియెడల గాలితగిలి నల్లబడును. పిదప దుమ్ము, ఈగలు చేరని చోట ఎండబెట్టి, బిళ్ల విఱిచినంతనే పెళుక్కున విఱుగునట్లయిన తరువాత మరపట్టించి, గాలిచొఱని డబ్బాలలో నుంచవలెను.

ఇచట లెక్క ముఖ్యము. నూఱు కిలోల కాయలలో తొక్కయే 35 మొదలు 40 కిలోల వఱకుండును. మిగిలిన గుజ్జులో నూటికి సుమారు 70 పాళ్లు నీరు. కావున చేతికందు పిండి 20 కిలోలకు లోపుగనే యుండును. అనగా కిలో పిండికి అయిదాఱు కిలోల కాయలు పట్టును. కాయ కిలో 10 రూపాయలు పలికినచో కాయవెలయే 50 మొదలు 60 రూపాయలగును. కూలియు, మరఖర్చును, సంచివెలయు వేఱు. ఈ లెక్కనుబట్టి చూడగా, ధర బాగుగ నున్నప్పుడు గెలను గెలగానే యమ్ముట మేలు. ధర పడిపోయినప్పుడును, చిన్న అత్తములను వర్తకుడు త్రోసివేసినప్పుడును, ముదిరిన గెలలు గాలికి పడినప్పుడును పిండి రైతును కొంతవఱకు కాపాడును.

రెండవది వేపుడు బిళ్లలు. కేరళమున నేంద్రను కాయలతో కొబ్బరినూనెలో వేచిన బిళ్లలు అంగళ్లలో నిత్యము నమ్ముడుపోవుచున్నవి. దీనికి మంచి నూనెయు, తేమచొఱని సంచియు ప్రధానము. నూనె కాఱువాసన కొట్టినయెడల కొన్నవాడు మరల రాడు.

మూడవది నార. గెల కోసినపిదప బోదెను గట్టుపై పాఱవైచుట మన యలవాటు. పూలు కట్టుటకు అరటినార మనకు క్రొత్త కాదు. యంత్రముతో తీసిన నార సంచులకును, చాపలకును, చేతికాగితమునకును పనికివచ్చును. అయితే బోదెలో నూటికి తొంబదిపాళ్లు నీరే. నూఱు కిలోలకు ఎండినార ఒక కిలోకు మించుట యరుదు. కావున బోదెను దూరము మోయరాదు, యంత్రమే తోటచెంతకు రావలెను. మిగిలిన పిప్పిని కుళ్లబెట్టినచో పొటాషు గల యెరువగును.

రెండెకరముల రైతు యంత్రమును ఒంటరిగా కొన్నయెడల అది ఏడాదిలో చాలకాలము పనిలేక యుండును, అప్పు మాత్రము వడ్డీ కట్టించుచుండును. పదిమంది తోటలవారు కూడి సంఘముగా నడపినచో యంత్రమునకు పని దొరకును, తరుగుట, ఎండబెట్టుట మొదలగు పనులవలన గ్రామస్త్రీలకు కూలి దొరకును. తిరుచిరాపల్లిలో 1993లో స్థాపింపబడిన జాతీయ అరటి పరిశోధన కేంద్రము ఈ సరకుల తయారీయందు శిక్షణ నిచ్చుచున్నది. అమ్మకమునకు ముందు 2006 నాటి ఆహారభద్రతా చట్టము ననుసరించి నమోదు చేయించుకొనుట విధి.

సంఘములు పాటింపవలసిన వరుస యిది: మొదట కొనువానిని విచారింపుడు, పిమ్మట కొలదిగా చేతితో చేసి యమ్మిచూడుడు, సరకు చెల్లుబడియైన తరువాతనే యంత్రమునకు అప్పు చేయుడు. ఈ వరుస తప్పినచో లాభము వడ్డీకే పోవును.