మ్యాచ్ కన్నా ముందు సాధన చూడాలి!

టెన్నిస్ టోర్నీలో అభిమాని ఒక రోజు.. ఆళ్లగడ్డ నుంచి వెళ్లినవారికి కనిపించింది ఏమిటి?

ఆళ్లగడ్డ: మన ప్రాంతంలో బండలాగుడు పోటీలు తిలకించే రైతు సరిగ్గా పోటీ మొదలయ్యే వేళకు రాడు. తెల్లవారగానే చేరుకొని ఎడ్లను కట్టేసిన చోట తిరుగుతాడు. ఏ జత మేత ఎలా తింటోంది, ఏ ఎద్దు అడుగు ఎలా వేస్తోంది అని గమనిస్తాడు. కాడి మెడకెక్కక ముందే సగం ఫలితం ఆయనకు అర్థమైపోతుంది. టెన్నిస్ పోటీలనూ అలాగే చూడాలన్న సంగతి 2005 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో ఒక రోజంతా గడిపాక గానీ ఈ విలేకరికి తెలిసిరాలేదు.

ఆ ఏడాది జనవరిలో హైదరాబాదీ క్రీడాకారిణి సానియా మీర్జా ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మూడో రౌండ్‌కు చేరుకుంది. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో అంతదూరం వెళ్లిన తొలి భారతీయ మహిళ ఆమే. అక్కడ ఆమెను ఓడించిన సెరెనా విలియమ్స్ చివరకు టైటిల్‌నే గెలుచుకుంది. ఆ రోజుల్లో నంద్యాల, ఆళ్లగడ్డ టీ కొట్ల వద్ద క్రికెట్ కబుర్ల నడుమ టెన్నిస్ మాట కూడా వినిపించసాగింది. ఆ మరుసటి నెలలోనే హైదరాబాద్ ఓపెన్ జరగనుందని పత్రికలో చదివి ముగ్గురం బయలుదేరాం. ఈ విలేకరి, ఆళ్లగడ్డలో శిల్పకారుడైన ఒక మిత్రుడు, ఆయన పదేళ్ల కుమార్తె. టీవీలో సానియాను చూసినప్పటి నుంచి ఆ పాప అట్టముక్కతో గోడకు బంతి కొడుతూ ఉండేది. రాత్రి బస్సెక్కి నంద్యాల, కర్నూలు మీదుగా మూడు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, తెల్లవారేసరికి ఇమ్లిబన్ బస్‌స్టేషన్‌లో దిగాం.

ఫైనల్ నాడు కాదు.. తొలి రౌండ్ల నాడు

ఫైనల్ శనివారం. మేము వెళ్లింది మంగళవారం. బడికి సెలవు పెట్టించి మరీ ఆ రోజే ఎందుకని ఇంట్లో వాళ్లు ప్రశ్నించారు. దానికి లెక్క ఉంది. సింగిల్స్ డ్రాలో 32 మంది ఉంటే ఐదు రౌండ్లలో మొత్తం 31 మ్యాచ్‌లు జరుగుతాయి. అందులో 16 మ్యాచ్‌లు తొలి రౌండ్‌వే. ఫైనల్ నాడు మిగిలేది సింగిల్స్‌లో ఒక్క మ్యాచ్ మాత్రమే. వారం మొదట్లో వెళితే ఉదయం నుంచి సాయంత్రం దాకా అన్ని కోర్టుల్లోనూ ఆట ఉంటుంది. ప్రేక్షకులు తక్కువ, కూర్చునే చోటు ఎక్కువ. దూరం నుంచి ఒక్కరోజు కోసం వచ్చే అభిమానికి అంతకు మించిన రోజు లేదు.

డ్రాలోకి వచ్చే దారులు కూడా తెలుసుకుంటే ఆట మరింత రక్తి కడుతుంది. ర్యాంకును బట్టి నేరుగా ప్రవేశం పొందేవారు కొందరు. ర్యాంకు చాలనివారు ముందుగా అర్హత పోటీలు ఆడి, గెలిచి రావాలి. మరికొందరికి నిర్వాహకులు తమ విచక్షణతో అవకాశం ఇస్తారు. దానినే వైల్డ్‌కార్డు అంటారు. 2005 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో సానియా అడుగుపెట్టింది ఈ దారిలోనే. బలమైనవారు మొదట్లోనే ఒకరికొకరు ఎదురుపడకుండా డ్రాలో దూరదూరంగా ఉంచే ఏర్పాటు పేరు సీడింగ్. పేరున్న సీడ్‌కూ, అర్హత పోటీలు దాటి అలసి వచ్చిన అనామకురాలికీ మధ్య జరిగే తొలి రౌండ్ మ్యాచ్ ఒక్కోసారి ఫైనల్‌ను మించిపోయేది ఇందుకే.

ఖాళీ కోర్టులో వంద దెబ్బలు

ఫతే మైదాన్‌లోని శాప్ టెన్నిస్ సముదాయానికి చేరేసరికి మ్యాచ్‌లకు ఇంకా చాలా వ్యవధి ఉంది. అయినా బంతి చప్పుడు వినిపిస్తూనే ఉంది. పేరు నోరు తిరగని ఒక విదేశీ క్రీడాకారిణి శిక్షకుడితో సాధన చేస్తోంది. చూసేవాళ్లు పట్టుమని పదిమంది లేరు.

సాధనకు ఒక క్రమం ఉంటుంది. మొదట ఇద్దరూ నెట్‌కు దగ్గరగా, సర్వీసు గీత వద్ద నిలబడి బంతిని మెల్లగా అటూఇటూ ఆడతారు. చేతికి, కంటికి పొత్తు కుదిరాక వెనక్కి జరిగి ఫోర్‌హ్యాండ్, బ్యాక్‌హ్యాండ్ దెబ్బలు మొదలుపెడతారు. ఆ తర్వాత నెట్ వద్దకు వచ్చి బంతి నేలను తాకకముందే కొట్టే వాలీలు. చివరన సర్వీసు. బుట్టెడు బంతులు పక్కన పెట్టుకొని, అవతలి పెట్టెలో ఒక మూలన గుర్తు ఉంచి, దాని వైపే పదేపదే కొడతారు. బుట్ట ఖాళీ అయితే బంతులు ఏరుకొని మళ్లీ మొదలు.

ఆ క్రీడాకారిణి ఒకే మూలకు వరుసగా కొడుతుంటే పాపకు అర్థం కాలేదు. ‘ఆ యక్క ఒకే దెబ్బ ఎందుకు కొడతాంది నాయనా?’ అని అడిగింది. ‘ఉలి పట్టి నేర్చుకునేటప్పుడు మేమూ అంతే గదమ్మా. చెయ్యి కుదిరేదాకా ఒకే దెబ్బ’ అన్నాడు తండ్రి. ఆ తర్వాత చాలాసేపు ఆ పాప అక్కడి నుంచి కదలలేదు.

టీవీ చూపని విషయం ఇదే. తెరపై మనకు దక్కేది ఫలితం. అక్కడ కనిపించేది ఆ ఫలితానికి కారణం. కాబట్టి టోర్నీకి వెళ్లే అభిమాని గేటు తెరిచే వేళకే చేరుకొని, మొదట సాధన కోర్టుల వైపు నడవడం ఉత్తమం. మ్యాచ్‌లో కీలక సమయాన పడే సర్వీసు ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు గానీ బోధపడదు.

ఆట నడిచే తీరు

క్రికెట్‌లా టెన్నిస్‌కు నిర్ణీత కాలవ్యవధి లేదు. ఒక మ్యాచ్ గంటలో ముగియవచ్చు, మూడు గంటలు సాగవచ్చు. అందువల్ల నిర్వాహకులు ప్రకటించే ఆ రోజు కార్యక్రమ పట్టికలో ఒక్కో కోర్టుకు మొదటి మ్యాచ్ వేళ మాత్రమే కచ్చితంగా ఉంటుంది. తర్వాతివి ఒకటి ముగిశాక మరొకటి. ఏ కోర్టులో ఏది ముగుస్తోందో కనిపెట్టుకుంటూ తిరగగలిగినవారికే ఎక్కువ ఆట దక్కుతుంది.

పాయింట్ల లెక్క తొలిసారి చూసేవారికి తికమకగా ఉంటుంది. గేమ్‌లో తొలి పాయింటుకు 15, రెండో దానికి 30, మూడో దానికి 40. ఆ తర్వాతి పాయింటుతో గేమ్ సొంతమవుతుంది. ఇద్దరూ 40 వద్ద నిలిస్తే డ్యూస్. అక్కడి నుంచి వరుసగా రెండు పాయింట్లు గెలవాలి. కనీసం రెండు గేమ్‌ల ఆధిక్యంతో ఆరు గేమ్‌లు గెలిచినవారిది సెట్. ఆరు-ఆరు అయితే టైబ్రేక్. అందులో రెండు పాయింట్ల తేడాతో ముందుగా ఏడు పాయింట్లు సాధించాలి. మహిళల మ్యాచ్‌లో మూడింట రెండు సెట్లు గెలిచినవారే విజేత.

దగ్గరగా కూర్చున్నప్పుడు బంతి వెంటే మెడ తిప్పడం మానుకోవాలి. ఒకరిని ఎంచుకొని వారి పాదాలనే కాసేపు గమనించాలి. ఎదుటివారు బంతిని కొట్టే క్షణాన చిన్న గెంతు గెంతి, ఎటైనా కదిలేందుకు వారు సిద్ధమవుతారు. కోర్టు పొడవు 23.77 మీటర్లు. గట్టి సర్వీసు ఆ దూరాన్ని సెకను గడవకముందే దాటేస్తుంది. బంతిని చూశాక కదిలితే అందదు. ముందే పసిగట్టాలి. టీవీ కెమెరా పైనుంచి చూపుతుంది గనుక ఈ వేగం మనకు తెలియదు. కోర్టు పక్కన కూర్చుంటేనే గుండె ఝల్లుమంటుంది.

బంతుల మార్పు కూడా గమనించదగ్గదే. దెబ్బలకు బంతి పైనున్న నూగు రేగి, అది మందగిస్తుంది. అందుకే పెద్ద టోర్నీల్లో మొదట ఏడు గేమ్‌ల తర్వాత, ఆపై ప్రతి తొమ్మిది గేమ్‌లకోసారి కొత్త బంతులు తెస్తారు. మ్యాచ్‌కు ముందు కాసేపు చేసే సన్నాహంలోనూ అవే బంతులు వాడతారు కాబట్టి మొదటిసారి రెండు గేమ్‌లు తగ్గిస్తారు. కొత్త బంతితో సర్వీసు చేసేవారు దాన్ని పైకెత్తి ప్రత్యర్థికి చూపడం మర్యాద.

ప్రేక్షకులకూ మర్యాదలున్నాయి. పాయింటు నడుస్తున్నంతసేపు నిశ్శబ్దం పాటించాలి. లేచి తిరగడం కూడదు. సెల్‌ఫోన్ మోగకుండా చూసుకోవాలి. బేసి సంఖ్య గేమ్‌లు ముగిశాక క్రీడాకారులు కోర్టు మారుతారు. మొదటి గేమ్ తర్వాత తప్ప, ఆ మార్పు వేళ 90 సెకన్ల విరామం ఉంటుంది. లోపలికి రావాలన్నా, బయటికి పోవాలన్నా ఆ విరామంలోనే. ఈలలు, కేకలు అలవాటైన మనకు తొలి గంట కష్టమే. పాయింటు ముగిశాక మాత్రం చప్పట్లకు అడ్డు లేదు.

ఓడినవారూ గురువులే

మధ్యాహ్నం ఎండ నడినెత్తికి వచ్చేసరికి చాలామంది నీడకు చేరారు. ఒక చిన్న కోర్టులో మ్యాచ్ ఓడిన అమ్మాయి సంచీ భుజాన వేసుకొని తల వంచుకొని వెళ్లడం చూశాం. సాయంత్రం చూస్తే ఆమే మళ్లీ డబుల్స్ ఆడుతోంది, భాగస్వామితో నవ్వుతూ! ‘పొద్దున ఓడింది ఈ పిల్లేనా అన్నా?’ అని మిత్రుడు ఆశ్చర్యపోయాడు.

డబుల్స్ మ్యాచ్‌లను వదిలేసి వెళ్లడం చాలామంది చేసే పొరపాటు. మన దేశానికి అంతర్జాతీయ టెన్నిస్‌లో అత్యధిక విజయాలు దక్కింది ఈ విభాగంలోనే. హైదరాబాద్ ఓపెన్‌లో సానియా తొలి విజయం కూడా 2004లో లీజల్ హ్యూబర్‌తో కలిసి గెలిచిన డబుల్స్ టైటిలే. తర్వాతి కాలంలో ఆమె మహిళల డబుల్స్, మిక్స్‌డ్ డబుల్స్‌లలో కలిపి ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు సాధించింది. 2015 ఏప్రిల్‌లో డబుల్స్‌లో ప్రపంచ నెంబర్‌వన్ స్థానానికి చేరుకుంది. కృష్ణా జిల్లా ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని 2014 ఆసియా క్రీడల్లో సానియాతో జతకట్టి మిక్స్‌డ్ డబుల్స్‌లో స్వర్ణం అందుకున్నాడు.

ఆ రాత్రే బస్సెక్కి తిరిగొచ్చేశాం. ఫిబ్రవరి 12న జరిగిన ఫైనల్ ఫలితాన్ని ఆదివారం పత్రికలో చదివాం. ఉక్రెయిన్‌కు చెందిన అల్యోనా బొండారెంకోపై సానియా 6-4, 5-7, 6-3తో గెలిచింది. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ నెగ్గిన తొలి భారతీయ మహిళగా నిలిచింది. గేమ్‌లు లెక్కిస్తే సానియావి 17, బొండారెంకోవి 14. మూడంటే మూడు గేమ్‌ల తేడా! ఆ మూడింటిని ఖాళీ కోర్టులోని బుట్టెడు బంతులే తెచ్చిపెట్టాయని అప్పుడు మాకు అనిపించింది.

టోర్నీ వెళ్లిపోయింది.. కోర్టు కావాలి

2003లో మొదలైన హైదరాబాద్ ఓపెన్‌కు 2005 పోటీయే చివరిది. ఆ మరుసటి ఏడాది డబ్ల్యూటీఏ టోర్నీ బెంగళూరుకు తరలిపోయింది. పెద్ద పోటీలు ఊళ్లు మారుతుంటాయి. వాటిని చూసి ఆశపడిన పిల్లలు మాత్రం ఉన్నచోటే ఉంటారు.

మా మిత్రుడు కుమార్తెకు రాకెట్ కొనిచ్చాడు. ఆమె రెండేళ్లపాటు గోడకే బంతి కొట్టింది. ఎదురుగా ఆడేందుకు తోడు లేదు, నేర్పేవారు లేరు. పదో తరగతి చదువుల ఒత్తిడిలో రాకెట్ అటక ఎక్కింది. ఆ పిల్లలో నైపుణ్యం ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. ఎందుకంటే పరీక్షించి చూసే అవకాశమే ఆమెకు దక్కలేదు.

అవకాశం కల్పిస్తే ఏమవుతుందో మన రాయలసీమలోనే ఉదాహరణ ఉంది. 2010 అక్టోబరులో అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు తోడ్పాటుతో రఫెల్ నాదల్ ఫౌండేషన్ టెన్నిస్ పాఠశాలను ప్రారంభించింది. నాదల్ స్వయంగా హాజరయ్యాడు. పేద కుటుంబాల బాలబాలికలకు ఆటతోపాటు ఇంగ్లిషు, కంప్యూటరు పాఠాలు నేర్పడం దాని ఉద్దేశం. ఛాంపియన్లను తయారు చేయడం ఒక్కటే లక్ష్యం కాదు. ఆడుకునే చోటు, నేర్పే గురువు, రోజూ వచ్చే అలవాటు.. ఈ మూడూ దొరికేలా చేయడమే అసలు పని. అది మా మిత్రుడి కుమార్తెకు అయిదేళ్లు ఆలస్యంగా, మరో జిల్లాలో వచ్చింది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల ప్రత్యేక జిల్లా అయింది. జిల్లా కేంద్రంలోనూ, ఆళ్లగడ్డ వంటి పట్టణాల్లోనూ పిల్లలకు రోజూ తలుపు తెరిచి ఉండే కోర్టు, జీతమిచ్చి నిలుపుకొనే శిక్షకుడు ఉండాలని కోరడం అత్యాశ కాదు.

వెళ్లే ముందు..

ఇరవై ఏళ్లలో ఆట కొంత మారింది. నాడు గీతల వెంట నిలబడిన లైన్ అంపైర్ల స్థానంలో పెద్ద టోర్నీల్లో ఎలక్ట్రానిక్ పరికరాలు వచ్చాయి. 2025లో వింబుల్డన్ సైతం ఆ బాట పట్టింది. నాడు శిక్షకుడు బయటి నుంచి నోరు మెదిపితే తప్పు. 2025 నుంచి కోర్టు వెలుపల నుంచి సలహా ఇచ్చేందుకు నిబంధనలు వీలు కల్పించాయి. మారనిది పొద్దుటి సాధనే.

పిల్లలను తీసుకెళ్లదలచినవారు పెద్ద టోర్నీ కోసమే ఎదురుచూడనక్కర్లేదు. జూనియర్, జాతీయ స్థాయి పోటీలకు చాలాచోట్ల టికెట్ ఉండదు. ముందుగా విచారించుకొని వెళ్లాలి. టోపీ, నీళ్ల సీసా, చిన్న పుస్తకం వెంట ఉంచుకోవాలి. ఉదయం సాధన, మధ్యాహ్నం చిన్న కోర్టులో ఒక సింగిల్స్, సాయంత్రం ఒక డబుల్స్.. ఈ మూడూ చూస్తే రోజు సార్థకమైనట్టే.

2023 మార్చి 5న సానియా హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలోనే వీడ్కోలు ప్రదర్శన మ్యాచ్‌లు ఆడింది. ఆ వార్త వచ్చిన రోజు మిత్రుడి కుమార్తె ఫోన్ చేసి, ‘మామా, ఆ పొద్దు బుట్టలో బంతులు ఏరుకున్న యక్క పేరేంది?’ అని అడిగింది. పేరు ఎవరికీ గుర్తు లేదు. ఆ దెబ్బల చప్పుడు మాత్రం ముగ్గురికీ గుర్తుంది.