గేరుపెట్టెలోని చమురు

మోటారుకారు నడుచుటకు పెట్రోలు వలయునని పసిబాలురును ఎరుగుదురు. ఇంజను చమురును అప్పుడప్పుడు మార్చవలెనని కారు గలవారందరును ఎరుగుదురు. కాని గేరుపెట్టెలో వేరొక చమురు గలదనియు, దానికిని ముసలితనము వచ్చుననియు తలంచువారు కొలదిమందియే.

ఆ పెట్టెలో ఉక్కుచక్రముల పండ్లు ఒకదానినొకటి ఒత్తుకొనుచు, రాచుకొనుచు తిరుగుచుండును. నడుమ వెండ్రుకకన్న పలుచనైన చమురుపొర నిలిచియున్నంతవరకు లోహము లోహమును అంతగా తాకదు. ఏండ్లు గడచినకొలది చమురు వేడికి సత్తువ కోల్పోవును; అరిగిన లోహపు పొడి అందు చేరును. అప్పుడు గేర్లు మొరాయించును.

1983 మొదలు 2014 వరకు మన దేశమున తయారైన మారుతి 800 కారును దృష్టాంతముగ గైకొందము. దాని గేరుపెట్టెకు అడుగున చమురు దిగుటకొక బిరడాయు, ప్రక్కన పోయుటకొక బిరడాయు గలవు. వీనిలో ముందు విప్పవలసినదేది? అడుగుబిరడాయే యని మీరందురు. నేనును అట్లే తలంచితిని. ఉద్యోగము విరమించిన మరుసటి వేసవిలో నా పాత కారు క్రిందికి దూరి, ఎంతో ఉత్సాహముతో దానిని విప్పితిని. నల్లని చమురంతయు పళ్లెములోనికి దిగెను. పిమ్మట ప్రక్కబిరడాకు పానా తగిలించితిని. అది కదలలేదు. బలముకొలది త్రిప్పగా పానా జారి బిరడా అంచులు అరిగెను. నా వ్రేళ్లు చెక్కుకొనిపోయెను. పాత చమురు పోయినది, కొత్తది పోయుటకు త్రోవ లేదు. చమురులేని గేరుపెట్టెతో కారును నడుపరాదు గదా! మూడు దినములు అది పెరటిలోనే పడియుండెను. తుదకు మెకానిక్కు ఇంటికి వచ్చి బిరడాను ఊడదీసి, "మాస్టారూ, పోసే దారి చూసుకున్నాకే గదండీ పారబొయ్యాలి!" అని నవ్వెను.

కావున ప్రక్కబిరడాను మొదట వదులుచేసి చూడవలెను. అది రాకున్న పనిని అంతటితో మానవచ్చును. లోపలి చమురు లోపలనే యుండును. కారును కొంతదూరము నడిపి వచ్చినచో చమురు వెచ్చబడి పలుచనై, అడుగుమడ్డితో సహా దిగును. క్రిందికి దూరుటకు జాకీని మాత్రము నమ్మరాదు. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు గాదు. కారును బలమైన స్టాండ్లపై నిలుపవలెను. పెద్దలు దగ్గర లేనిదే మీరు ఈ పనికి పూనుకొనరాదు.

దిగిన చమురును వెలుతురులో పరీక్షింపుడు. బూడిదరంగు మెత్తని పొడి సహజమే. వ్రేలికి ఇనుపతునుకలు తగిలినచో పంటికి చేటు కలిగినదన్నమాట.

కొత్త చమురు కారుతో ఇచ్చిన పుస్తకములో చెప్పిన రకమే కావలెను. జీఎల్-4 కన్న జీఎల్-5 సంఖ్యలో పెద్దది గనుక మేలని కొందరు కొనుచుందురు. ఉక్కుపండ్లను కాపాడుటకు జీఎల్-5లో అధికముగ చేర్చు గంధక, భాస్వర ద్రవ్యములు గేరుపెట్టెలోని ఇత్తడి ఉంగరములను తినివేయవచ్చును. తనంతట గేర్లు మార్చుకొను కార్లలోని ద్రవము వేరు. దానికి ఈ పద్ధతి చెల్లదు.

అడుగుబిరడా బిగించి, గొట్టము తగిలించిన గరాటుతో ప్రక్కరంధ్రమున మెల్లగ పోయవలెను. కారు ముందువెనుకలు సమమట్టముగ నున్నచో, చమురు రంధ్రపు అంచునకు వచ్చి సన్నని ధారగ వెలికి కారును. అదియే కొలత. కారు ఒకవైపు వంగియున్న ఈ కొలత తప్పును.

పాత చమురును కాలువలోనో పెరటిమంటిలోనో పోసిన నూతినీరు పాడగును. నేను దానిని డబ్బాలో పోసి, మూత బిగించి, వాడిన చమురును సేకరించువారికై ఆ మెకానిక్కు దుకాణమునకే పంపితిని.