కొండమీదినుండి మన నేల

రైలులోనో బస్సులోనో సాగిపోవు బాటసారికి ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల నేల యంతయు నొక్కటే మైదానముగా దోచును. ప్రత్తిచేను దాటిన మిరపచేను, అది దాటిన మరల ప్రత్తిచేను. కనుచూపు మేర నల్లరేగడి. ఆ యేకరూపత సత్యము కాదని తెలియవలెనన్న కొంత యెత్తునకు పోయి చూడవలెను. అట్టి యెత్తులు మనకు దూరమున లేవు. తూర్పు కనుమలనుండి వేరుపడి మైదానము నడుమ నిలిచిన కొండవీటి గుట్టలు, నరసరావుపేట చెంతనున్న కోటప్పకొండ, పానకాల నరసింహుని మంగళగిరి, ఇవి భక్తికిని చరిత్రకును నెలవులైనట్లే భూమిని చదువుటకును నెలవులు.

రెడ్డిరాజులు అద్దంకినుండి రాజధానిని కొండవీటికి మార్చినపుడు దుర్గమమైన కోటనే గాక, నలుదెసల రాకపోకలు కంటబడు స్థానమును గూడ సంపాదించికొనిరి. 1515లో శ్రీకృష్ణదేవరాయలు ఆ దుర్గమును జయించెను. నాటి బురుజులు శిథిలములయ్యెను గాని అచటినుండి కానవచ్చు దృశ్యము చెడలేదు; ఘాటురోడ్డు పడినందున వృద్ధులును నేడు దానిని చూడగలుగుచున్నారు.

మాఘబహుళ చతుర్దశినాడు కోటప్పకొండకు ఎత్తైన ప్రభలతో పల్లెలకు పల్లెలే తరలివచ్చును. మ్రొక్కు తీర్చికొని మెట్లమీద నొక్క ఘడియ నిలిచి క్రిందికి జూచువారు మాత్రము కొలదిమంది. అది నాకు మిక్కిలి వెలితిగా దోచును. ఏలయన, మిరపకాయ కల్లములకు జేరు కాలమది. పొలముల నడుమ ఆరబోసిన పండుకాయలు ఎఱ్ఱని జంపఖానలు పఱచినట్లు కనబడును. ప్రత్తి తీసివేసిన చేలలో మోళ్లు నిలిచియుండును. నల్లరేగడి చెమ్మను పట్టియుంచు బంకమన్ను. తడిసిన ఉబ్బును, ఎండిన నెఱ్ఱెలు వాఱును. వానలు వెనుదీసిన పిమ్మటను ఆ మన్నులోని చెమ్మను లోతైన వేళ్లతో పీల్చికొని ప్రత్తి బ్రదుకును. మిరప కంతటి యోర్పు లేదు. దానికి నీరు కావలెను, నీరు నిలువరాదు. అందుచే కాలువ యెచట పాఱుచున్నదో పంటల రంగే చెప్పును. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరమునుండి 1967లో కాలువలకు నీరు విడువగా, వర్షమునకై మొగము వాచిన మెట్టలలో కొన్ని మాగాణులయ్యెను.

ఇంతవఱకు కంటికి ఆనును. ఇక మీద మనస్సుతో చూడవలెను. తూర్పునకు పోయినకొలది నేల కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రుగా మారి, వరిపొలములు దాటి, బాపట్ల యిసుకతీరమున సముద్రమును జేరును. పడమట పిడుగురాళ్ల సున్నపురాయి, ఆపై నల్లమల యడవి. ఆ నల్లమలలో బుట్టిన గుండ్లకమ్మ కంభము చెఱువును నింపి, ఒంగోలు సీమ మీదుగా సముద్రమున గలియును. తీరమునకంటె మార్కాపురమున వాన తక్కువ. కాని అచటి నేల పలకల నిచ్చెను, ఆ పలకలమీద తెలుగుబిడ్డలెందఱో అక్షరములు దిద్దిరి. చీమకుర్తి నల్లరాతిలో బంగరు చుక్కలు మెఱయును.

మన జిల్లాలనుండి అమెరికాకు పోయిన బిడ్డలు పంపు ఫొటోలలో గ్రాండ్ కాన్యన్ అను మహాలోయ తఱచుగా కనబడును. ఆ దేశమున తూర్పున అప్పలాచియన్ అడవికొండలు, నడుమ గడ్డిమైదానములు, పడమట నెడారులు. ఒకదానినుండి మఱొకదానికి వందల మైళ్లు. మనకో, సముద్రపుటిసుకనుండి నల్లమలవఱకు ఒక పగటి ప్రయాణము. అయినను వారినుండి నేర్వదగినది యొకటి కలదు. 1919లో జాతీయోద్యానమైన ఆ మహాలోయ యంచున, యావపాయ్ అనుచోట 1928లో ఒక పరిశీలన మందిరమును దెఱచి, ఎదుట కనబడు రాతిపొరలు ఏవో, ఎట్లేర్పడెనో సామాన్యునకు తెలియునట్లు చేసిరి.

కొండవీటి శిఖరమునను కోటప్పకొండ మెట్లయొద్దను అట్టి యేర్పాటు కష్టసాధ్యము కాదు. చీమకుర్తి రాతిమీద దిక్కులు చెక్కి, ఏ దెస నే మన్ను, ఏ పంట, ఏ యేరు, ఏ కొండ యున్నదో వ్రాసి నిలిపిన చాలును. పర్యాటక శాఖవారును, దేవస్థానమువారును, లాం వ్యవసాయ పరిశోధన స్థానమువారును కూడి పూనుకొనవలసిన పని యిది. రాబోవు శివరాత్రికి ముందే జరిగిన మఱియు మేలు.