గర్భవతులలో ఊపిరితిత్తుల స్కానింగ్

గర్భవతులలో ఊపిరితిత్తుల స్కానింగ్ అనగా గర్భిణికి ఛాతీలో వ్యాధి ఉన్నదని అనుమానం కలిగినపుడు చేయు ఛాతీ ఎక్స్-రే, సి.టి. స్కాన్, వి/క్యూ స్కాన్ అను పరీక్షలు. మన పల్లెలలో గర్భిణికి "స్కానింగ్" అంటే అల్ట్రాసౌండ్ అనే అర్థం. అది శబ్ద తరంగాలతో పనిచేస్తుంది. ఇక్కడ చెప్పబడిన మూడింటిలోను రేడియేషన్ ఉంటుంది; భయమంతా దాని గురించే.

అవసరం

గర్భధారణలో రక్తం గడ్డకట్టే స్వభావం పెరుగుతుంది. కాలి సిరలోని గడ్డ కదిలి ఊపిరితిత్తుల ధమనిని అడ్డగించడాన్ని పల్మనరీ ఎంబాలిజం అంటారు. ఇది తల్లి ప్రాణానికే ముప్పు. గర్భిణులకు ఆయాసం సహజం, రక్తంలో డి-డైమర్ కూడా సహజంగానే పెరుగుతుంది. అందువలన స్కాన్ లేకుండా తేల్చడం కష్టం. కాలు వాచి ఉంటే మొదట కాలికి డాప్లర్ అల్ట్రాసౌండ్ చేస్తారు. అందులో గడ్డ కనిపిస్తే ఛాతీ స్కాన్ అవసరం తరచుగా తప్పుతుంది. క్షయ అనుమానం ఉన్నపుడు ఛాతీ ఎక్స్-రే తీస్తారు.

శిశువునకు చేరు రేడియేషన్

ఛాతీ ఎక్స్-రే వలన గర్భస్థ శిశువునకు చేరేది 0.01 మిల్లీగ్రే లేక అంతకంటె తక్కువ. ఊపిరితిత్తుల సి.టి. వలన 0.01 నుండి 0.66, వి/క్యూ స్కాన్ వలన 0.1 నుండి 0.5 మిల్లీగ్రే చేరవచ్చును. ఏ పరీక్షా లేకున్నా తొమ్మిది నెలలలో ప్రకృతి నుండే 0.5 నుండి 1 మిల్లీగ్రే చేరుతుంది. 50 మిల్లీగ్రేల లోపు అవకరాలు గాని గర్భస్రావం గాని పెరిగినట్లు కనబడలేదని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2017లో పేర్కొన్నది. బాల్యంలో క్యాన్సర్ వచ్చే అవకాశం మాత్రం పూర్తిగా సున్నా అనరాదు, కాని అది అత్యల్పం. పొట్టపై సీసపు తొడుగు కప్పడం పాత అలవాటు. దాని వలన లాభం స్వల్పమని 2019లో అమెరికా వైద్య భౌతిక శాస్త్రజ్ఞుల సంఘం దానిని మానుకొమ్మన్నది.

ఏ స్కాన్?

సి.టి.లో తల్లి రొమ్ములకు రేడియేషన్ ఎక్కువ, వి/క్యూలో తక్కువ. ఛాతీ ఎక్స్-రే మామూలుగా ఉంటే అనేకచోట్ల వి/క్యూకే మొగ్గు చూపుతారు. ఇందులో వాడే టెక్నీషియం-99ఎం ఆరు గంటలకు సగమవుతుంది. మూత్రాశయంలో చేరి శిశువునకు దగ్గరగా ఉంటుంది గనుక నీరు బాగా త్రాగి, తరచు మూత్ర విసర్జన చేయాలి. సి.టి.కి అయోడిన్ కలిసిన మందు ఎక్కిస్తారు. అది మాయను దాటుతుంది, అయినను ఒక్కసారి వాడినందున శిశువు థైరాయిడ్‌కు హాని జరుగుట అరుదు.

ఆలస్యం

శ్రీ సత్యసాయి జిల్లాలోని ముదిగుబ్బ వంటి మండల కేంద్రాల నుండి ఇట్టి స్కాన్లకు అనంతపురం వంటి పట్టణానికి పోవలసి ఉంటుంది. అనుమానం బలంగా ఉంటే స్కాన్ జరిగే వరకు ఆగక హెపారిన్ సూదిమందు మొదలుపెట్టడం వైద్యుల పద్ధతి. హెపారిన్ మాయను దాటి శిశువును చేరదు, వార్ఫరిన్ చేరుతుంది. ఆయాసం హఠాత్తుగా వచ్చినా, కఫంలో రక్తం పడినా, స్పృహ తప్పినా 108కి ఫోన్ చేయాలి. గర్భమన్న సంగతి, ఎన్నవ నెల అన్నది సిబ్బందికి ముందే చెప్పాలి.