పాత బైకు, ఈ20 పెట్రోలు: ఇంటి దగ్గర ఏం చూసుకోవాలి? మెకానిక్‌కు ఏం వదిలేయాలి?

హీరో హోండా స్ప్లెండర్ 1994లో మార్కెట్‌లోకి వచ్చింది. అది, ఆ కోవకే చెందిన ఇతర 100 సీసీ కార్బురేటర్ బండ్లు ఇప్పటికీ దేశమంతటా లక్షల సంఖ్యలో తిరుగుతున్నాయి. పాలు పోసేవారికి, కూరగాయలు అమ్మేవారికి, పల్లె నుంచి పట్నానికి రోజూ పనికి వెళ్లేవారికి అవే ఆధారం. బండి ఒక రోజు ఆగిపోతే ఆ రోజు సంపాదన కూడా పోతుంది.

ఈ బండ్లలో చాలావరకు ఎక్కువ ఇథనాల్ కలిసిన పెట్రోలును దృష్టిలో పెట్టుకుని తయారైనవి కావు. ఇప్పుడు బంకుల్లో పోసే మామూలు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇదే ఈ20. ఈ లక్ష్యాన్ని మొదట 2030కి పెట్టుకున్న కేంద్ర ప్రభుత్వం, 2022లో జీవ ఇంధన విధానాన్ని సవరించి 2025-26కు ముందుకు జరిపింది. ఇథనాల్ లేని పెట్రోలును కూడా అందుబాటులో ఉంచాలంటూ దాఖలైన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టివేసింది.

అంటే పాత బండి ఉన్నవారికి పెట్రోలును ఎంచుకునే అవకాశం పెద్దగా లేదు. వారి చేతిలో ఉన్నది బండి సంరక్షణ ఒక్కటే. ఈ20 వల్ల పాత బైకులకు పూర్తిగా కొత్త జబ్బులేమీ రావడం లేదు. ఇన్నాళ్లూ ‘తర్వాత చూద్దాం’ అని వాయిదా వేసిన చిన్న పనులే ఇప్పుడు త్వరగా ముందుకొస్తున్నాయి. వాటిలో చాలావరకు ఇంటి ముందు అరగంటలో చేసుకోగలిగినవే.

కార్బురేటర్ బండికి ఇబ్బంది ఎక్కడ?

మొదటిది మైలేజీ. పెట్రోలుతో పోలిస్తే ఇథనాల్‌లో శక్తి సుమారు మూడో వంతు తక్కువ. ఇథనాల్ లేని పెట్రోలుకు రూపొందించి, 10 శాతం మిశ్రమానికి సర్దుబాటు చేసిన ద్విచక్ర వాహనాల్లో ఈ20 వల్ల మైలేజీ 3 నుంచి 4 శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా వేసింది. లీటరుకు 60 కి.మీ. ఇచ్చే బండికి ఇది రెండు కిలోమీటర్ల తేడా. అంతకు మించి పడిపోతే ఇంధనాన్ని మాత్రమే నిందించి లాభం లేదు. బిగిసిన బ్రేకు, గాలి తగ్గిన టైరు, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్ లాంటి కారణాలనూ వెతకాలి.

రెండోది గాలి, పెట్రోలు పాళ్లు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మిశ్రమం కాస్త పలచబడుతుంది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 నిబంధనలతో వచ్చిన ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో సెన్సర్ దీన్ని గుర్తించి పెట్రోలు మోతాదును సరిచేస్తుంది. కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. దాని జెట్‌లోని రంధ్రం ఎంత ఉంటే అంతే పెట్రోలు వెళుతుంది.

మూడోది నీరు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ మోతాదు మించితే నీరు, ఇథనాల్ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. రోజూ తిరిగే బండిలో ఈ ప్రమాదం తక్కువ. వానాకాలంలో వారాల తరబడి నిలిపి ఉంచిన బండిలో ఎక్కువ.

నాలుగోది రబ్బరు. కొన్ని పాత వాహనాల్లో 20,000 నుంచి 30,000 కి.మీ. తర్వాత కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చని, అవి తక్కువ ఖర్చుతో మామూలు సర్వీసింగ్‌లోనే అయిపోతాయని పెట్రోలియం మంత్రిత్వ శాఖ 2025 ఆగస్టులో చెప్పింది. పదిహేనేళ్లుగా ఎండకు ఎండిన పైపు విషయంలో అంతవరకు ఆగడం మంచిది కాదు.

ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా

ముందుగా చూడాల్సింది పెట్రోలు పైపు. రెండు చివర్ల దగ్గర వంచి చూస్తే పగుళ్లు కనిపిస్తాయి. జిగటగా, ఉబ్బినట్టుగా, లేదా గట్టిపడి ఉన్నా మార్చేయాలి. కొత్తది కొనేటప్పుడు పెట్రోలుకు పనికొచ్చే పైపే అడగాలి. మామూలు ప్లాస్టిక్ గొట్టం కొన్నాళ్లకే బిరుసెక్కి పగులుతుంది. కారిన పెట్రోలు నేరుగా వేడి ఇంజిన్ మీద పడుతుంది.

కార్బురేటర్ కింద ఉండే గిన్నెకు ఒక చిన్న డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. పెట్రోలు ట్యాప్ కట్టేసి, ఆ స్క్రూ వదులు చేసి, వచ్చే పెట్రోలును గాజు సీసాలోకి పట్టి కాసేపు కదపకుండా ఉంచాలి. అడుగున వేరే పొరగానో, బుడగల్లానో కనిపిస్తే అది నీరు. ఎర్రటి పొడి కనిపిస్తే ట్యాంకు లోపల తుప్పు పడుతున్నట్టు. బండి రిజర్వ్‌లోకి వెళ్లగానే మొరాయిస్తుంటే కూడా ఇదే అనుమానించాలి. రిజర్వ్‌లో ఇంజిన్‌కు అందేది ట్యాంకు అడుగున ఉన్న పెట్రోలే.

ఈ పని ఇంజిన్ పూర్తిగా చల్లారాక ఆరుబయటే చేయాలి. దగ్గర్లో పొయ్యి, దీపం, బీడీ ఏవీ ఉండకూడదు.

బండిని రెండు మూడు వారాలు వాడరని ముందే తెలిస్తే, ట్యాప్ కట్టేసి ఇంజిన్ దానంతట అది ఆగేవరకు నడపాలి. అప్పుడు గిన్నెలో మిగిలే పెట్రోలు చాలా తక్కువ. లేకపోతే అది ఆవిరైపోగా మిగిలిన జిగురు, సన్నటి పైలట్ జెట్‌ను మూసేస్తుంది. చోక్ వేస్తే స్టార్టై, చోక్ తీయగానే ఆగిపోవడం దీనికి మామూలుగా కనిపించే లక్షణం.

జెట్‌ను ఇనుప తీగతో పొడవకూడదు. అది మెత్తటి ఇత్తడి. రంధ్రం కొంచెం పెద్దదైనా మైలేజీ పడిపోతుంది. కార్బురేటర్ క్లీనర్ స్ప్రే, గాలి చాలు. గాలి స్క్రూను విప్పే ముందు ఎన్ని చుట్లు తిరిగి బిగుసుకుంటుందో లెక్కపెట్టి రాసుకుంటే, మళ్లీ అదే చోట పెట్టొచ్చు.

ప్లగ్గు రంగు ఏం చెబుతుంది?

ఇంజిన్ లోపల ఏం జరుగుతోందో విప్పకుండానే చెప్పేది స్పార్క్ ప్లగ్గు. కొన లేత గోధుమ రంగులో ఉంటే దహనం బాగున్నట్టు. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ వెళుతోందని లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందని అర్థం. తడిగా, నూనెగా ఉంటే పిస్టన్ రింగులో, వాల్వ్ సీళ్లో అరిగి ఉండొచ్చు. తెల్లగా ఉంటే మిశ్రమం పలచబడి ఇంజిన్ అతిగా వేడెక్కుతోంది. ఈ20 వచ్చాక కార్బురేటర్ బండ్లలో కనిపెట్టుకుని చూడాల్సింది ఈ తెలుపునే. అది కనిపిస్తే మెకానిక్ చేత మిశ్రమం సర్దుబాటు చేయించుకోవాలి.

ప్లగ్గును ఇంజిన్ చల్లారాకే విప్పాలి. తిరిగి పెట్టేటప్పుడు మొదటి చుట్లు చేత్తోనే తిప్పి, చివర్లోనే పానా పట్టాలి. అల్యూమినియం హెడ్‌లో మరలు దెబ్బతింటే ప్లగ్గు ధరకు ఎన్నో రెట్లు ఖర్చవుతుంది.

కారు ఆయిల్ ఎందుకు పోయకూడదు?

స్ప్లెండర్ తరహా బండ్లలో ఇంజిన్‌కు, గేర్లకు, క్లచ్‌కు అన్నింటికీ ఒకటే ఆయిల్. క్లచ్ ప్లేట్లు అందులోనే మునిగి ఉంటాయి. కొన్ని కారు ఆయిళ్లలో రాపిడి తగ్గించే రసాయనాలు కలుపుతారు. వాటితో ప్లేట్లు జారి, ఇంజిన్ అరుస్తున్నా బండి ముందుకు కదలదు. అందుకే డబ్బా మీద ‘జాసో ఎంఏ’ అనే గుర్తు చూసి కొనాలి.

ఈ తరం పాత ఇంజిన్లలో కారులో మాదిరి మార్చే కాగితపు ఆయిల్ ఫిల్టర్ ఉండదు. ఒక జల్లెడ, తిరుగుతూ మురికిని అంచుకు నెట్టే ఒక గిన్నె మాత్రమే ఉంటాయి. కాబట్టి ఆయిల్ మార్చడమే ఇంజిన్‌ను శుభ్రం చేయడం. ఆయిల్ మట్టం చూసేటప్పుడు బండి సెంటర్ స్టాండ్ మీద నిటారుగా ఉండాలి. కొలపుల్లను తుడిచి, మరల్లోకి తిప్పకుండా ఊరికే ఆనించి తీయాలి. పాత ఇంజిన్ ఆయిల్ తాగుతుంది కాబట్టి వారానికోసారి ఇలా చూడటం అవసరం.

తీసేసిన నల్ల ఆయిల్‌ను కాల్వలో పోయకూడదు. దాన్ని సేకరించే మెకానిక్ షాపులో ఇచ్చేయాలి.

చైను: బిగువు ఎక్కువైనా నష్టమే

చైను వదులైతే చప్పుడు చేస్తుంది. బిగువైతే చప్పుడు చేయకుండానే బేరింగులను, స్ప్రాకెట్లను అరగదీస్తుంది. కవర్‌కు ఉన్న రబ్బరు మూత తీసి వేలితో పైకీ కిందికీ కదిపితే సుమారు అంగుళం ఆట ఉండాలి. చక్రాన్ని చేత్తో తిప్పుతూ చైను అన్నిటికన్నా బిగువుగా ఉన్న చోట ఈ కొలత తీసుకోవాలి. ఇంజిన్ నడుస్తుండగా చైను దగ్గర వేలు పెట్టకూడదు.

చైను బిగించాలంటే వెనక చక్రం వెనక్కి జరుగుతుంది. రెండు వైపులా గుర్తులు సమానంగా లేకపోతే బండి ఒక పక్కకు లాగుతుంది. చక్రం జరిగింది కాబట్టి వెనక బ్రేకు ఆట కూడా మారుతుంది. దాన్ని సరిచేసి, బ్రేక్ లైటు వెలుగుతోందో లేదో చూశాకే పని పూర్తయినట్టు.

బ్రేకుల దగ్గర ఆగాల్సిన చోటు

డ్రమ్ బ్రేకు నట్టును తిప్పి ఆట తగ్గించుకోవడం ఇంటి పనే. దానికీ ఒక హద్దు ఉంది. బ్రేకు ప్లేటు మీద ఒక బాణం గుర్తు ఉంటుంది. బ్రేకును పూర్తిగా నొక్కినప్పుడు అది ఎదుటి గీతకు చేరితే షూలు అరిగిపోయినట్టే. ఆ తర్వాత నట్టును ఎంత బిగించినా లాభం లేదు, షూలు మార్చాల్సిందే.

అనుభవం లేనివారు ఈ పనిని మెకానిక్‌కు వదిలేయడం మేలు. డ్రమ్ములోని దుమ్మును నోటితో గానీ, గాలి గొట్టంతో గానీ ఊదడం ప్రమాదకరం. పాత రకం షూలలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి వెళితే బయటకు రాదు. తడి గుడ్డతో తుడవాలి. వాల్వ్ టప్పెట్లు, క్లచ్, ఫోర్క్, ఇంజిన్ విప్పే పనులు కూడా మెకానిక్‌వే.

పదిహేనేళ్లు దాటితే?

సొంత బైకు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది. తర్వాత తనిఖీ చేయించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. రెన్యువల్ రుసుము 2022 ఏప్రిల్‌లో రూ. 300 నుంచి రూ. 1,000కి పెరిగింది. ఇరవై ఏళ్లు దాటిన బైకులకు 2025 ఆగస్టులో దాన్ని రూ. 2,000 చేశారు. ఢిల్లీ ప్రాంతంలో పాత వాహనాల వయసుపై విడిగా కోర్టు ఆంక్షలున్నాయి.

మిగతా చోట్ల తనిఖీలో చూసేది బ్రేకులు, లైట్లు, టైర్లు, పొగ లాంటివే. గడువుకు నెల ముందు ఒక్కసారిగా అన్నీ బాగుచేయించాలంటే ఖర్చు భారమవుతుంది. ఆయిల్ ఎప్పుడు మార్చారు, చైను ఎప్పుడు బిగించారు, పైపు ఎప్పుడు వేశారు అన్నవి ఒక చిన్న పుస్తకంలో రాసుకుంటే ఆ భారం ఏడాది పొడవునా సర్దుకుంటుంది. చాలా పాత బండ్లలో స్పీడోమీటర్ కేబుల్ ఎప్పుడో తెగిపోయి ఉంటుంది. అలాంటప్పుడు కిలోమీటర్లకు బదులు తేదీ రాసుకున్నా చాలు.